చేప హలాలే... తాజాదేనా?

వికారాబాద్, తాండూరు వాసులమైన మనకు సముద్రం దూరం. అనంతగిరి కొండల్లో మూసీ పుట్టినా, తాండూరు పక్కన కాగ్నా పారినా, సముద్రపు చేప మన ఇళ్ళకు చేరేది మంచుపెట్టెల్లోనే, లేదా ఎండుచేపగానే.

మాయిదా సూరా 96వ ఆయత్ ద్వారా సముద్రపు వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. చేపకు జబహ్ కూడా అవసరం లేదు. మాంసకృత్తులు, అయోడిన్, గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వులు అందులో ఉన్నాయి. కానాగంతలు, కవ్వల వంటి చిన్న చేపల్లో ఈ కొవ్వులు ఎక్కువ. వారానికి రెండుసార్లు తింటే మంచిదంటారు వైద్యులు.

అయితే దివ్య ఖుర్ఆన్ హలాల్‌తోపాటు 'తయ్యిబ్', అంటే పరిశుద్ధమైనదే తినమంది. దానంతట అదే చచ్చి నీటిపై తేలిన చేపను హనఫీ ధర్మవేత్తలు వద్దన్నారు. ఎండాకాలంలో అలాంటివి చౌకగా వస్తే ఆశపడకండి. మంచు చాలక చెడిన కానాగంతలో పుట్టే హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, వాంతులు వస్తాయి. 2018లో కేరళలో ఫార్మలిన్ కలిపిన చేపలు పట్టుబడ్డాయి.

పెద్ద సొరచేపలో పాదరసం పేరుకుంటుంది. అది బిడ్డ మెదడుకు హాని. పాలు పడతాయని బాలింతకు సొరపిట్టు పెట్టేవారు దీన్ని గమనించాలి. గర్భిణులూ మానాలి. రక్తపోటు ఉన్నవారు ఎండుచేప తగ్గించాలి. రొయ్యలు పడనివారు వాటి జోలికి పోరాదు.

కొనేముందు మొప్పలెత్తి చూడండి. ఎర్రగా ఉండాలి, కళ్ళు మెరవాలి, నొక్కితే కండ తిరిగి లేవాలి. ఇందులో మొహమాటం వద్దని మేము మా విద్యార్థులకూ చెబుతుంటాం. ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ కదా!