పంచాంగం మీద బొటనవేలి ముద్ర

పిల్లలూ! మీ వేళ్ళ కొసలు వెలుతురులో పెట్టి చూసుకోండి. ఎన్ని శంఖాలున్నవో, ఎన్ని చక్రాలున్నవో లెక్కపెట్టి జాతకం చెప్పే బామ్మలు మీ ఇళ్ళలోనూ ఉండవచ్చు. జాతకం సంగతి అలా ఉంచండి. ఈ గీతలు మనం పుట్టకముందే ఏర్పడతాయి. జీవితమంతా అలాగే ఉంటాయి. అచ్చు ఒకే పోలికగా ఉండే కవలలకు కూడా ఇవి వేరువేరుగానే ఉంటాయి.

1897 లో కలకత్తాలో వేలిముద్రలకోసం ఒక కార్యాలయం పెట్టారు. ముద్రలు తీసుకోవటం తేలికే. వేలకొద్దీ ముద్రలలో కావలసినదాన్ని వెతికి పట్టటం ఎలా? అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే పోలీసు ఉద్యోగులు ఇందుకు దారి కనిపెట్టారు. ఏయే వేళ్ళకు చక్రాలున్నవో చూసి, లెక్క కట్టి, ముద్రలను 1024 అరలలో సర్దవచ్చునని తేల్చారు. లెక్కలెందుకని నన్నడిగే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి! పేరు మాత్రం చాలాకాలం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకే దక్కింది.

ఆ ఏడు ఆగస్టులోనే జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును ఎవరో చంపి సొమ్ము దోచుకుపోయారు. వంటవాడి బట్టలమీద నెత్తురు మరకలు కనిపించాయి. పావురాన్ని కోసినప్పుడు పడ్డాయన్నాడతను. అయినా అనుమానం పోతుందా? ఇంతలో మేనేజరు పెట్టెలోని కాగితాల మధ్య నీలి అట్ట గల బెంగాలీ పంచాంగం ఒకటి దొరికింది. అట్టమీద గోధుమరంగు మరకలు. భూతద్దంతో చూస్తే ఒక మరకలో బొటనవేలి గీతలు! కలకత్తాలో పోల్చి చూశారు. లోగడ దొంగతనానికి జైలుకు వెళ్ళిన పాత నౌకరు కుడి బొటనవేలి గీతలవి.

ఎవరైనా "అయ్యో, మురికి" అని ఆ అట్టను తుడిచివేసి ఉంటే, వంటవాడి గతి ఏమయ్యేది?

అందుకే ఈనాడు నేరం జరిగినచోటికి "క్లూస్ టీం" వారు వస్తారు. పత్రికలలో ఈ మాట మీరు చదివే ఉంటారు. వారు ముందుగా దేనినీ కదపరు. వస్తువు పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీస్తారు. చేతులకు తొడుగులు వేసుకుని, గాజువంటి నున్నని వస్తువులమీద మెత్తని కుంచెతో పొడి అద్దుతారు. వేలి చెమట, జిడ్డు ఉన్నచోట పొడి అంటుకుని గీతలు తేలుతాయి. వాటిని అంటుకునే టేపుతో ఎత్తి అట్టమీద పెడతారు. కాగితమైతే నిన్‌హైడ్రిన్ అనే మందు పూస్తారు. ముద్ర ఊదారంగులో బయటపడుతుంది. నెత్తుటి బట్టలను ఆరనిచ్చి కాగితపు సంచిలోనే పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పట్టి పాడవుతాయి.

ప్రతి సంచికీ చీటీ, సీలు, సంతకం ఉండాలి. అది ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎప్పుడు పోయిందో రాసి ఉండాలి. నడుమ ఒక్క సంతకం లేకపోతే, "ఇది ఆ వస్తువేనని నమ్మకమేమిటి?" అని వకీలు అడుగుతాడు.

ఇంతా చేసి, ముద్ర చెప్పేది ఒకటే: ఈ వేలు ఈ వస్తువును తాకింది. పంచాంగం కేసు 1898 లో కోర్టుకు వచ్చినప్పుడు ఇదే చూశారు. నౌకరు ఆ పెట్టెలో చెయ్యి పెట్టాడన్నది రుజువైంది. చంపుతుండగా చూసినవారు లేరు. దొంగతనానికి శిక్ష వేసి, హత్యానేరం రుజువు కాలేదని తీర్పు చెప్పారు.