టామీకీ పండగ బట్టలేనా!

మనకు నరక చతుర్దశి అయిన రోజే నేపాలీలకు కుక్కల పండగ. 'కుకుర్ తిహార్' అంటారు. యముడి వాకిట కాపలా కాసేవి కుక్కలేనని వాళ్ల నమ్మకం. అందుకే పెంపుడు కుక్కలతో పాటు వీధి కుక్కలకూ, పోలీసు కుక్కలకూ ఆ పూట నుదుట ఎర్రటి తిలకం దిద్ది, మెడలో బంతిపూల దండ వేసి, ఇష్టమైన తిండి పెడతారు. అలంకారం అంతటితో సరి. అంగీ లేదు, టోపీ లేదు.

మన దగ్గర పెట్ షాపులో అడుగుపెడితే లెక్క వేరు. దీపావళికి షేర్వాణీలు, జరీ అంచు లంగాలు, చమ్కీల కుర్తాలు. డిసెంబరు రాగానే క్రిస్మస్ తాత ఎర్ర కోటు, గడ్డంతో సహా. అమెరికాలోనైతే ఇదో పెద్ద బేరం. న్యూయార్క్ టాంప్‌కిన్స్ స్క్వేర్ పేరుతో హాలోవీన్‌కు జరిగే కుక్కల వేషాల ఊరేగింపుకి మూడు దశాబ్దాలు దాటాయి. 2023 హాలోవీన్‌కు పెంపుడు జంతువుల వేషాల మీద జనం 70 కోట్ల డాలర్లు పెడతారని అక్కడి రిటైల్ వ్యాపారుల సమాఖ్య అంచనా వేసింది. వాళ్లు ఎక్కువగా మోజుపడే వేషం గుమ్మడికాయ!

ఈ సరదాను తప్పు పట్టబుద్ధి కాదు. ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు తెచ్చి, తోక ఊపుతూ ఎదురొచ్చే ప్రాణికి మాత్రం ఏమీ తేకపోతే మనసొప్పదు. కాకపోతే ఆ ముచ్చట పూర్తిగా మనది. అది పండగో, పశువుల డాక్టర్ దగ్గరికి ప్రయాణమో దానికి తెలియదు. వద్దనే హక్కు దానికుంది. ఆ మాట అది నోటితో చెప్పలేదు కనక, చూసి పోల్చుకోవడం మన వంతు.

షేర్వాణీ తొడగ్గానే లాబ్రడార్ హాలు మధ్యలో కదలకుండా నిలబడిపోయిందనుకోండి. 'ఎంత బుద్ధిగా ఉందో చూడు వదినా' అని మురిసిపోతారు చుట్టాలు. అది బుద్ధి కాదు, బిగుసుకుపోవడం. దగ్గరికెళ్లి కళ్లు చూడండి. తల తిప్పకుండా ఓరగా చూస్తుంటే, తెల్లగుడ్డు ఓ మూల నెలవంకలా కనిపిస్తుంది. ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. చెవులు వెనక్కి అతుక్కుపోతాయి, తోక కాళ్ల మధ్యకు జారుతుంది. పిల్లి అయితే ఒక పక్కకు ఒరిగి పడిపోతుంది, లేదంటే పొట్ట నేలకానించి వెనక్కి పాకుతుంది. అలాంటి వీడియోలకు లైకులు బాగానే పడతాయి. పిల్లి మాత్రం, ఒంటికి అంటుకున్న ఆ గుడ్డతో ఎలా కదలాలో తెలియక అవస్థ పడుతోంది.

నిజానికి నోరులేని జీవాల్ని సింగారించడం మనకు కొత్త కాదు. కనుమ నాడు ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, పూసల దండలు. దీపావళి వెళ్లగానే హైదరాబాద్ సదర్‌లో దున్నపోతులకు నూనె రాసి నిగనిగలాడించి, పూలదండలు, గవ్వల పట్టీలు వేస్తారు. ముస్తాబంతా కొమ్ములు, మెడ, కాళ్ల మీదే. ఊపిరికి అడ్డురాదు, నడకకు అడ్డురాదు. ఒంటినిండా రంగురంగుల గుడ్డలు కప్పేది గంగిరెద్దుకు. దానికైనా చిన్నప్పటి నుంచీ నెమ్మదిగా అలవాటు చేస్తారు. (ముక్కుతాడు సంగతి వేరే కథ. పాతదంతా మంచిదని వాదించబోవడం లేదు.)

అందుకే నా ఓటు మెడలో కండువాకి. పల్చటి నూలు గుడ్డ, వదులుగా ఒక ముడి. ఫొటోకూ పండగ కళ వస్తుంది.

ఒంటికి బట్ట వేయాల్సిందే అంటే ముందు వేడి గురించి ఆలోచించాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరిపాదాల్లో కాస్త పడుతుందంతే. ఒంటి వేడి దించుకోవడానికి రొప్పడమే దానికి ప్రధానమైన దారి. దాని మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ప్రమాదంలో పడ్డట్టే. నలభై మంది చుట్టాలు, వంటింటి సెగ, దాని మీద పాలిస్టర్ కోటు... మూతి అణిగి ఉండే పగ్, షిట్జూలకు మామూలు రోజుల్లోనే ఊపిరి తీసుకోవడం కష్టం. హస్కీకైతే దేవుడిచ్చిన కోటే మన ఊళ్లకు ఎక్కువ. జనవరి చలికి ఆదిలాబాద్ వైపు వణికే ముసలి కుక్కకో, బక్కపల్చటి నాటు కుక్కకో స్వెటర్ వేస్తే మాత్రం అది అలంకారం కాదు, అవసరం.

కొలత ఛాతీ దగ్గర తీసుకోవాలి. ముందుకాళ్ల వెనగ్గా చుట్టూ టేపు తిప్పితే వచ్చేదే అసలు సైజు. తొడిగాక మెడ దగ్గరా, ఛాతీ దగ్గరా రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. షాపువాళ్లు చెప్పని సంగతి ఇంకొకటి: మగ కుక్కకు పొట్ట కింద గుడ్డ పొడుగైతే కాలెత్తిన ప్రతిసారీ తడిసిపోతుంది. జరీ పని పైనుంచి మెరుస్తుంది, లోపలివైపు చెయ్యి పెట్టి చూస్తే గరుగ్గా గీసుకుంటుంది. అక్కడ నూలు లైనింగ్ వేయమంటే ఏ దర్జీ అయినా వేస్తాడు. చెవులు మూసే టోపీలు, కళ్లకు అడ్డొచ్చే ముసుగులు, గడ్డం కింద బిగిసే ఎలాస్టిక్ అసలొద్దు. చెవుల పక్కనే మోగే మువ్వలూ వద్దు. మనకు వినపడని సన్నటి శబ్దాలు కూడా వాటికి వినిపిస్తాయి.

తళుకుల తీగలు, లేసులు, పూలదండ దారాలు... పిల్లి ఉన్న ఇంట్లో వీటితో మరీ జాగ్రత్త. దాని నాలుక గరుకు, ఒకసారి అంటుకున్న దారాన్ని ఉమ్మేయలేక మింగేస్తుంది. ఒక కొస నాలుక మొదట్లోనో పొట్టలోనో ఇరుక్కుని, మిగతాది పేగుల్లోకి సాగుతుంది. నాడా లాగిన పైజామాలా పేగు ముడతలు పడుతుంది, కోసుకుపోతుంది కూడా. నోట్లోనో, వెనకవైపో దారం కొస కనిపిస్తే చేత్తో లాగకండి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మిణుకుమిణుకు లైట్లున్న కాలర్లలో బిళ్ల బ్యాటరీలుంటాయి. కుక్క కొరికి మింగితే అన్నవాహిక గోడలో గంటలోపే పుండు పడవచ్చు.

దండలో బంతిపూలుంటే బెంగలేదు. గన్నేరు మాత్రం గుండెను దెబ్బతీసే విషం. క్రిస్మస్ బొకేల్లో వచ్చే లిల్లీ పుప్పొడి ఒంటికంటి, పిల్లి దాన్ని నాకినా మూత్రపిండాలు పాడవుతాయి.

దీపావళికి తొడగాలంటే దసరా నుంచే మొదలుపెట్టాలి. మొదట బట్ట నేల మీద పడేసి వాసన చూడనివ్వండి. మర్నాడు వీపు మీద ఊరికే వేసి తీసేయండి, వెంటనే నోట్లో ఒక ముక్క పెట్టండి. ఆ తర్వాతే కాళ్లు తొడగడం, అదీ రెండు మూడు నిమిషాలు. బట్ట చూడగానే మంచం కిందికి దూరితే ఆ ఏటికి కండువాతో సరిపెట్టండి.

పండగ రోజున ఫొటోలు అవగానే విప్పేయండి. తోకతో ప్రమిదల్ని ఊడ్చేసే కుక్కలుంటాయి. పాలిస్టర్‌కు నిప్పంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. టపాసులు మొదలయ్యేసరికి ఒంటి మీద ఏమీ ఉండకూడదు, ఫోన్ నంబరున్న బెల్టు తప్ప. భయపడి గోడ దూకబోయే కుక్కకు లంగా అంచు గేటు చువ్వకు తగులుకుంటే అదో గండం. రాత్రికి చంకల్లో, ఛాతీ కింద వేళ్లతో తడిమి చూడండి. చర్మం ఎర్రబడినా, బొచ్చు రేగినా ఆ షేర్వాణీని సంక్రాంతికి మళ్లీ బయటికి తీయక్కర్లేదు.