స్నేహానికి మైల ఉండదా?

2016 జూలై 22, శుక్రవారం. సాయంత్రం దీపం పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. చెన్నై పక్కనున్న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన విమానం, ఏఎన్-32, బంగాళాఖాతం మీద కనబడకుండా పోయిందట. లోపల 29 మంది. "అయ్యో పాపం" అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పరాయివాళ్ళ కష్టమైతే అంతే కదా మనం!

రాత్రి తొమ్మిదింటికి డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "అందులో మనవాడున్నాడే..." అంది.

అతని పేరు ఇక్కడ రాయను. ఆ దుఃఖం ముందు వాళ్ళింటివాళ్ళది. మూడేళ్ళు ఒకే క్లాసులో చదువుకున్నాం. నేను కథ రాసి పుస్తకాల అడుగున దాచుకుంటే, "దాచుకునేదానికి రాయడం దేనికి?" అని లాక్కుని, కవరు మీద అడ్రసు రాసి, స్టాంపులు అంటించి పోస్టు డబ్బాలో వేసొచ్చాడు. అదే అచ్చయిన నా మొదటి కథ. పెళ్ళిళ్ళయ్యాక ఏడాదికి ఒకటో రెండో ఫోన్లు. అయినా నా కథ ఎక్కడ వచ్చినా మొదటి ఫోను అతనిదే.

మర్నాడు అన్నం సయించక కూర్చుంటే మా అత్తగారు అడిగారు. "ఎవురమ్మా అతను? మనకేమవుతాడు?"

ఏమని చెప్పను? "చుట్టం కాదత్తయ్యా. నాతో చదివినతను" అన్నాను. "పాపం" అని కాసేపాగి, "పిల్లలకి బాక్సులు కట్టావా?" అన్నారు. ఆవిడ మనసు చెడ్డది కాదు. అంతకు మించి ఏమనాలో ఆవిడకీ తెలీదు.

చుట్టాలు పోతే మూడు రోజులో, పది రోజులో మైల ఉంటుంది. తలస్నానం చేస్తాం, పలకరింపుకి వెళ్తాం, నలుగురి మధ్య ఏడుస్తాం. స్నేహితుడు పోతే? అందులోనూ పెళ్ళయిన ఆడదానికి మగ స్నేహితుడు పోతే? స్నానాల గదిలో పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. వాళ్ళమ్మగారిని పలకరించాలని ఎన్నిసార్లు ఫోన్ తీశానో! "ఈమె ఎవరు?" అంటారేమోనని పెట్టేశాను.

ఉదయం 8.30కి లేచిన విమానం ముప్పావు గంట తిరక్కుండానే 23 వేల అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా కిందికి జారి, రాడార్‌కి అందకుండా పోయింది. మన విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులే ఎనిమిది మంది ఉన్నారు అందులో. ఓడలు, విమానాలు, జలాంతర్గామి... వారాల తరబడి వెతికినా తునక దొరకలేదు. సెప్టెంబరులో, అందరూ చనిపోయినట్టే భావిస్తున్నామని కుటుంబాలకి తెలియజేశారు.

అక్టోబరులో మా నెల్లూరులో రొట్టెల పండగ వచ్చింది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పట్టుకుంటారు. తీరితే మరుసటి ఏడాది అదే రొట్టె తెచ్చి ఇంకొకరికిస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె... అన్నీ ఉన్నాయి. తప్పిపోయిన మనిషి జాడకి రొట్టె ఎవరి దగ్గరా లేదు. ఆరోగ్యం రొట్టె తీసుకుని, మనసులో నా కోరిక కోరుకున్నాను. ఏడేళ్ళు ఆ రొట్టె బాకీ ఉండిపోయాను.

మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమెకి మాత్రం ఒకసారి ఈ సంగతి చెప్పాను. "ఏమవుతాడు?" అని ఆమె అడగలేదు. "మా తమ్ముడు గూడా వేటకు పోయి రాలేదమ్మా. శవం దొరకలా. ఇప్పటికీ తలుపు కొడితే వాడేమో అనుకుంటా" అంది. గంప పక్కన పెట్టి, కాసేపు నా దగ్గర కూర్చుని పోయింది. నాకు అందిన పలకరింపు అదొక్కటే.

2024 జనవరి 12న, భోగికి రెండు రోజుల ముందు, టీవీలో మళ్ళీ ఆ విమానం పేరు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు మనిషి లేకుండా నడిచే యంత్రాన్ని సముద్రం అడుగుకి పంపితే, తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయట. ఫోటోలు పరీక్షించి, అవి ఆ ఏఎన్-32వే అన్నారు. మన తిరుమల కొండలాంటివి నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చినంత లోతు!

ఆ రాత్రి వాళ్ళమ్మగారికి ఉత్తరం రాశాను. స్టాంపుల సంగతి, క్యాంటీన్లో బాకీల సంగతి, పరీక్షల ముందు అందరినీ నవ్వించిన సంగతి... నాలుగు పేజీలయింది. వారానికి ఫోన్ వచ్చింది. "ఆ వయసులో మావాడు బయట ఎట్టా ఉండేవాడో నాకు తెలీదు తల్లీ. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నారావిడ. నా దగ్గర జవాబు లేదు.

ఆ జూలైలో రొట్టె చేసుకుని చెరువుకి వెళ్ళాను. మనిషి రాలేదు, జాడ వచ్చింది. అదే చాలనుకుని, భర్త ఆరోగ్యం కోసం వచ్చిన ఒకామె చేతిలో పెట్టాను. వెంట వచ్చిన మా అత్తగారు, "నీ స్నేహితుడి పేరు చెప్పుకుని ఇయ్యి" అన్నారు.

మీకూ అలాంటి స్నేహితులు ఉండి ఉంటారు. ఏమవుతారని ఎవరో అడుగుతారని ఆగకండి. వాళ్ళ ఇంటికి ఒక్క ఉత్తరం రాయండి. బంధువులకి తెలియని మనిషి మీకు తెలుసు. ఆ కబుర్లు వాళ్ళ ఇంటికి చేరాలి.