మోటారు క్రీడలలో టొయోటా

టొయోటా జపాన్ దేశానికి చెందిన మోటారు వాహనాల తయారీ సంస్థ. ప్రపంచంలో అత్యధికంగా వాహనాలను విక్రయించే సంస్థలలో ఇది ఒకటి. 1937లో కీఇచిరో టొయోడా స్థాపించిన ఈ సంస్థ 1957 నుండి మోటారు పందేలలో పాల్గొంటున్నది. ఈ సుదీర్ఘ ప్రయాణంలో టొయోటాకు జయాపజయాలు రెండూ సమృద్ధిగా లభించాయి. ర్యాలీలలో అనేక పర్యాయాలు ప్రపంచ విజేతగా నిలిచిన ఈ సంస్థ, ఫార్ములా వన్‌లో ఎనిమిది సంవత్సరాలు శ్రమించి ఒక్క పందెం కూడా గెలవకుండానే నిష్క్రమించింది. ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో తొలి విజయం కోసం 1985 నుండి 2018 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

సామాన్య ప్రజలు వాడే టొయోటా వాహనాలకు మన్నిక విషయంలో మంచి పేరు ఉంది. అటువంటి సంస్థ పందేలలో మాత్రం పలుమార్లు ఏదో ఒక చిన్న భాగం చెడిపోవడం వలననే ఓటమి పాలు కావడం ఈ చరిత్రలోని విశేషం.

పందేల రకాలు

టొయోటా ప్రధానంగా మూడు రకాల పందేలలో పాల్గొన్నది. వీటి మధ్య భేదం తెలిస్తే ఈ సంస్థ జయాపజయాలను అర్థం చేసుకోవడం సులభం.

* ర్యాలీ: మట్టి, మంచు, తారు రోడ్లపై కార్లు ఒకదాని తరువాత ఒకటి విడివిడిగా బయలుదేరుతాయి. తక్కువ సమయం తీసుకున్నవారు విజేతలు. డ్రైవరు పక్కన దారి వివరాలు చదివి చెప్పే సహచరుడు ఉంటాడు. కార్లు బజారులో దొరికే నమూనాలను ఆధారంగా చేసుకొని తయారవుతాయి.
* ఫార్ములా వన్: ఒక్కరే కూర్చొనే, చక్రాలు బయటకు కనిపించే ప్రత్యేకమైన కార్ల పందెం. సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది. ప్రతి పక్షం రోజులకో, వారానికో ఒక పందెం ఉంటుంది కనుక కారును ఎప్పటికప్పుడు మెరుగుపరచుకోవలసి ఉంటుంది.
* సహన పందెం: ఆరు గంటల నుండి 24 గంటల వరకు సాగుతుంది. ఒక్కొక్క కారును సాధారణంగా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. లె మాన్స్ పందెం వీటిలో అత్యంత ప్రతిష్ఠాత్మకమైనది.

ప్రారంభ దశ

1957లో ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టివచ్చే ర్యాలీలో టొయోపెట్ క్రౌన్ కారు పాల్గొని 47వ స్థానం పొందింది. టొయోటాకు ఇదే మొదటి అంతర్జాతీయ పోటీ. అప్పటికి జపాను కార్లకు విదేశాలలో అంతగా గుర్తింపు లేదు. సుదూర ప్రయాణంలో తమ కారు నిలబడగలదని చూపడమే నాటి లక్ష్యం.

1966లో టొయోటా 2000జిటి అనే కారు జపానులోని యతబె పరీక్షా మార్గంలో మూడు రోజులకు పైగా ఆగకుండా పరుగెత్తి ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. ఆ తరువాత టొయోటా 7 అనే శక్తివంతమైన పందెపు కారు రూపొందింది. అయితే దీనిని పరీక్షిస్తుండగా 1969లో సాచియో ఫుకుజావా, 1970లో మినోరు కవాయ్ అనే యువ డ్రైవర్లు మరణించారు. దీనితో ఆ కారు కథ ముగిసింది.

ర్యాలీలలో విజయాలు (1975 - 1994)

టొయోటా ర్యాలీ చరిత్రలో స్వీడన్ దేశస్థుడైన ఓవె ఆండర్సన్ పేరు ముఖ్యమైనది. స్వయంగా ర్యాలీ డ్రైవరైన ఈయన నడిపిన బృందమే తరువాత జర్మనీలోని కొలోన్ నగరం కేంద్రంగా 'టొయోటా టీమ్ యూరప్'గా ప్రసిద్ధి చెందింది. 1975లో ఫిన్లండ్ దేశపు 'వెయ్యి సరస్సుల ర్యాలీ'లో హన్ను మికోలా కరోలా కారుతో గెలుపొందాడు.

1984, 1985, 1986 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఆఫ్రికాలోని సఫారీ ర్యాలీని సెలికా కారు గెలిచింది. దుమ్ము, బురద, గోతులతో నిండిన ఆ మార్గంలో వేగం కంటే దృఢత్వం ముఖ్యం కనుక ఈ విజయాలు సంస్థ పేరును బాగా పెంచాయి. 1990లో స్పెయిన్ డ్రైవరు కార్లోస్ సైంజ్ సెలికా జిటి-ఫోర్ కారుతో ప్రపంచ విజేత అయ్యాడు. 1992లో ఆయనే మరల గెలిచాడు. 1993లో యుహా కంకునెన్, 1994లో డిడియే ఓరియోల్ విజేతలు. 1993లో తయారీదారుల ప్రపంచ బిరుదు కూడా టొయోటాకు దక్కింది. ఒక జపాను సంస్థ ఈ బిరుదు పొందడం అదే ప్రథమం. 1994లో ఆ బిరుదును నిలబెట్టుకున్నది.

1995 నాటి నిషేధం

విజయ శిఖరంపై ఉన్న టొయోటాకు 1995లో తీరని అపకీర్తి కలిగింది. టర్బోఛార్జర్ అనగా ఇంజనులోకి గాలిని బలవంతంగా పంపే పరికరం. గాలి ఎంత ఎక్కువ వెళితే అంత ఎక్కువ ఇంధనాన్ని మండించి ఎక్కువ శక్తి పొందవచ్చు. శక్తికి హద్దు ఉండాలని, గాలి వెళ్ళే ద్వారంలో నిర్ణీత వ్యాసం గల ఒక కట్టడి కంకణం అమర్చాలని నిబంధన ఉండేది.

స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో తనిఖీ అధికారులు టొయోటా కార్లను విప్పి చూడగా అసలు సంగతి బయటపడింది. కంకణం కొలతలు సరిగానే ఉన్నాయి. కాని స్ప్రింగుల సహాయంతో అది సుమారు 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగి, సందులోనుండి అదనపు గాలి లోపలికి పోయేలా ఏర్పాటు ఉంది. పరిశీలన కోసం విప్పినప్పుడు అది తిరిగి యథాస్థానానికి వచ్చేది. అంతర్జాతీయ మోటారు క్రీడా సమాఖ్య ఆ సంవత్సరం టొయోటా సంపాదించిన పాయింట్లన్నీ రద్దు చేసి 12 నెలల నిషేధం విధించింది. నిపుణులను సైతం ఆశ్చర్యపరచిన ఈ పరికరం ఇంజనీరింగు నైపుణ్యాన్ని వక్రమార్గంలో ఉపయోగించడానికి ఉదాహరణగా నేటికీ చెప్పబడుతున్నది.

1997లో కరోలా కారుతో టొయోటా తిరిగి వచ్చింది. 1998 చివరి ర్యాలీ బ్రిటన్‌లో జరిగింది. సైంజ్ నాలుగవ స్థానంలో ముగిస్తే చాలు, ప్రపంచ బిరుదు ఆయనదే. ఆ స్థానంలోనే ఉండగా, చివరి దశలో గమ్యం కొన్ని వందల మీటర్ల దూరంలో కనిపిస్తుండగా ఇంజను ఆగిపోయింది. బిరుదు టామీ మాకినెన్‌కు దక్కింది. 1999లో తయారీదారుల బిరుదును మూడవసారి గెలిచి టొయోటా ర్యాలీల నుండి వైదొలగింది. ఫార్ములా వన్‌లో ప్రవేశించడమే దీనికి కారణం.

ఫార్ములా వన్ (2002 - 2009)

ఫార్ములా వన్‌లో పెద్ద సంస్థలు తరచుగా ఇంజనును మాత్రమే సరఫరా చేసి, కారు నిర్మాణాన్ని అనుభవం గల బృందాలకు అప్పగిస్తాయి. టొయోటా మాత్రం కారును, ఇంజనును రెండింటినీ కొలోన్‌లోని తన కేంద్రంలోనే తయారు చేయాలని నిశ్చయించింది. అత్యధికంగా వ్యయం చేసిన బృందాలలో ఒకటిగా దీనికి పేరు వచ్చింది. 2001 సంవత్సరమంతా పరీక్షలకే కేటాయించారు.

2002లో ఆస్ట్రేలియాలో జరిగిన మొదటి పందెంలోనే మికా సాలో ఆరవ స్థానంలో నిలిచి ఒక పాయింటు సాధించాడు. కాని ఆ శుభారంభం కొనసాగలేదు. ఈ బృందం సాధించిన ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

* 2002: 2 పాయింట్లు, 10వ స్థానం
* 2003: 16 పాయింట్లు, 8వ స్థానం
* 2004: 9 పాయింట్లు, 8వ స్థానం
* 2005: 88 పాయింట్లు, 4వ స్థానం
* 2006: 35 పాయింట్లు, 6వ స్థానం
* 2007: 13 పాయింట్లు, 6వ స్థానం
* 2008: 56 పాయింట్లు, 5వ స్థానం
* 2009: 59.5 పాయింట్లు, 5వ స్థానం

2005 వీరికి అత్యుత్తమ సంవత్సరం. యార్నో ట్రుల్లి, రాల్ఫ్ షూమాకర్ కలిసి ఐదుసార్లు మొదటి మూడు స్థానాలలో చోటు సంపాదించారు. అమెరికాలోని ఇండియానాపోలిస్ పందెంలో ట్రుల్లి అందరికంటే ముందు నుండి బయలుదేరే 'పోల్' స్థానాన్ని టొయోటాకు మొదటిసారిగా సంపాదించి పెట్టాడు. అయితే సాధన సమయంలో షూమాకర్ కారు టైరు వైఫల్యంతో గోడను ఢీకొనడంతో, తమ టైర్లు ఆ మార్గంలో సురక్షితం కావని మిషలిన్ సంస్థ తెలిపింది. ఆ టైర్లు వాడే 14 కార్లూ పందెం ఆరంభం కాకముందే వైదొలగాయి. వాటిలో ట్రుల్లి కారు కూడా ఒకటి. మిగిలిన ఆరు కార్లలో జోర్డాన్ బృందపు కార్లు రెండు. వాటికి ఇంజన్లు సరఫరా చేసినది టొయోటాయే. ఆ కార్లలో ఒకదానిని నడిపిన కోయంబత్తూరు వాసి నారాయణ్ కార్తికేయన్ నాలుగవ స్థానం పొంది, ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. సొంత జట్టు మొదటి వరుసను వదలి వెళ్ళిన రోజున టొయోటా ఇంజను భారతీయులకు ఒక మధురస్మృతిని మిగిల్చింది.

2009లో బహ్రెయిన్‌లో ట్రుల్లి, టిమో గ్లాక్ మొదటి రెండు స్థానాల నుండి బయలుదేరారు. పందెం మధ్య దశలో గట్టిరకం టైర్లు ఎంచుకొనడంతో వేగం తగ్గి ట్రుల్లి మూడవ స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఇంత అనుకూలమైన అవకాశం వారికి మరల రాలేదు. ప్రపంచ ఆర్థిక మాంద్యం వలన సంస్థ భారీ నష్టాలలో ఉండగా, 2009 నవంబరు 4న ఫార్ములా వన్ నుండి వైదొలగుతున్నట్లు ప్రకటించారు. ఆ సమావేశంలో బృందం అధ్యక్షుడు తదాషి యమషినా కన్నీరు ఆపుకోలేకపోయాడు. సుమారు 140 పందేలు, 3 పోల్ స్థానాలు, 13 సార్లు మొదటి మూడు స్థానాలలో చోటు, విజయాలు సున్న. ఇదీ ఎనిమిదేళ్ళ లెక్క.

లె మాన్స్: మూడు దశాబ్దాల నిరీక్షణ

టొయోటా 1985లో మొదటిసారిగా లె మాన్స్‌లో పాల్గొన్నది. 1992లో రెండవ స్థానం లభించింది. 1994లో ముందంజలో ఉన్న కారు పందెం చివరి భాగంలో గేరు మార్చే అమరిక చెడిపోయి వెనుకబడింది. 1998లో జిటి-వన్ కారు ఆధిక్యంలో ఉండగా గేరుపెట్టె విఫలమైంది. 1999లో ఉక్యో కతయమా మొదటి స్థానంలోని బి.ఎం.డబ్ల్యు. కారును తరుముతుండగా టైరు పేలింది. ఆ ఏడు కూడా రెండవ స్థానమే.

2012లో హైబ్రిడ్ కారుతో టొయోటా తిరిగి వచ్చింది. హైబ్రిడ్ అనగా పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు కూడా గల వాహనం. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని నిలువచేసి, వేగం పెంచేటప్పుడు దానిని వాడుకుంటారు. ప్రియస్ కారు ద్వారా ప్రజలకు ఈ సాంకేతికతను పరిచయం చేసిన సంస్థకు ఇది సహజమైన మార్గం. 2014లో ప్రపంచ సహన పందేల బిరుదు లభించింది కాని లె మాన్స్ మాత్రం దక్కలేదు.

2016 జూన్ 19న జరిగిన సంఘటన మోటారు క్రీడల చరిత్రలో అత్యంత విషాదకరమైన ఓటములలో ఒకటి. ఆంథోనీ డేవిడ్సన్, సెబాస్టియన్ బ్యుయెమి, కజుకి నకజిమా నడిపిన 5వ నంబరు కారు 23 గంటల 57 నిమిషాల పాటు పోరాడి ముందు నిలిచింది. మూడు నిమిషాలు మిగిలి ఉండగా కారు శక్తిని కోల్పోయి, జనం కూర్చున్న ప్రధాన వేదిక ఎదుటే ఆగిపోయింది. పోర్షె కారు దానిని దాటి గెలిచింది. నకజిమా ఎలాగో కారును కదిలించి చివరి చుట్టు పూర్తిచేసినా, ఆ చుట్టుకు ఆరు నిమిషాల గడువు దాటినందున 5వ నంబరు కారుకు ఫలితాల పట్టికలో స్థానమే లభించలేదు. టర్బోఛార్జర్‌కు, గాలిని చల్లబరచే ఇంటర్‌కూలర్‌కు మధ్యగల గొట్టం అతుకులో లోపమే కారణమని తరువాత దర్యాప్తులో తేలింది.

2017లో కముయి కొబయషి రికార్డు వేగంతో పోల్ స్థానం సాధించాడు. అయినా ఆ రాత్రి అతని కారు క్లచ్ కాలిపోయింది. ఆ ఏడు మూడు కార్లు దించినా ఒక్కటీ గెలవలేదు.

ఈ పరాజయాల తరువాత బృందం తన పద్ధతి మార్చుకున్నది. వేగం పెంచడంతో పాటు, పరీక్షల సమయంలో కావాలని లోపాలు సృష్టించి వాటిని ఎలా ఎదుర్కొనాలో డ్రైవర్లు, సాంకేతిక నిపుణులు అభ్యాసం చేశారు. 2018లో బ్యుయెమి, నకజిమా, ఫెర్నాండో అలోన్సో నడిపిన కారు విజయం సాధించింది. 1991లో మాజ్దా తరువాత లె మాన్స్ గెలిచిన రెండవ జపాను సంస్థ టొయోటా. 2017 చివర పోర్షె తప్పుకొనడంతో ఆ ఏడు సమాన స్థాయి ప్రత్యర్థి లేకపోయినమాట నిజమే. అయితే లె మాన్స్‌లో గడియారం కూడా ప్రత్యర్థియేనని టొయోటా కంటే బాగా ఎరిగినవారు లేరు. 2022 వరకు వరుసగా ఐదుసార్లు విజయం వీరిదే. 2021లో రెండు కార్లకూ ఇంధన సరఫరా సమస్య వచ్చినా పందెం మధ్యలోనే ఉపాయం కనుగొని మొదటి రెండు స్థానాలు నిలబెట్టుకున్నారు. 2023, 2024, 2025 సంవత్సరాలలో ఫెరారీ గెలిచింది.

ర్యాలీలకు పునరాగమనం

సంస్థ అధ్యక్షుడుగా 2009లో బాధ్యతలు చేపట్టిన అకియో టొయోడా స్వయంగా 'మొరిజో' అనే మారుపేరుతో పందేలలో పాల్గొనే వ్యక్తి. ఈయన ప్రోత్సాహంతో 2017లో టొయోటా తిరిగి ర్యాలీలలో ప్రవేశించింది. 1998లో సైంజ్ చేజారిన బిరుదును అందుకున్న మాకినెన్‌నే ఈ కొత్త బృందానికి నాయకుడిగా నియమించడం ఆసక్తికరం. రెండవ ర్యాలీలోనే, స్వీడన్‌లో, యారి-మట్టి లాత్వాలా గెలిచాడు. 2018లోను, 2021 నుండి 2025 వరకు ప్రతి ఏటా తయారీదారుల బిరుదు టొయోటాకే లభించింది. 2022లో 22 ఏళ్ళ కల్లె రోవన్‌పెరా అతి పిన్నవయస్కుడైన ప్రపంచ ర్యాలీ విజేతగా నిలిచాడు. ర్యాలీ అనుభవం ఆధారంగా 2020లో జిఆర్ యారిస్ కారును ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు.

ఎడారి మార్గాలలో సాగే డాకర్ ర్యాలీని 2019లో నాసర్ అల్-అత్తియా హైలక్స్ వాహనంతో గెలిచి, టొయోటాకు ఆ పోటీలో మొదటి సమగ్ర విజయం అందించాడు. 2024లో ఫార్ములా వన్ బృందమైన హాస్‌తో సాంకేతిక సహకార ఒప్పందం కుదుర్చుకొని టొయోటా ఆ రంగంలో మరల అడుగుపెట్టింది. అయితే ఈసారి సొంత బృందంగా కాదు.

జయాపజయాల విశ్లేషణ

ఒకే సంస్థ, ఒకే కొలోన్ కేంద్రం ఒక పోటీలో విజేతలను, మరొక పోటీలో పరాజితులను ఎందుకు ఇచ్చింది? ధనం, యంత్రాలు, నిపుణులు అన్నిచోట్లా ఉన్నాయి. తేడా పని విధానంలో కనిపిస్తుంది. లోపం కనబడితే పని ఆపి, మూలకారణం వెదకి, అందరి అంగీకారంతో సరిచేయడం టొయోటా కర్మాగారాల సంప్రదాయం. లక్షల కార్లు చేసేచోట ఇది శ్రేష్ఠమైన పద్ధతి. ఫార్ములా వన్‌లో వారం తిరగకముందే కొత్త నిర్ణయం కావాలి. నెమ్మదిగా సాగే పెద్ద సంస్థ తీరు అక్కడ అడ్డంకి అయిందని పలువురు పరిశీలకుల అభిప్రాయం.

సహన పందేలలో అదే పద్ధతి చివరకు ఫలించింది. సంవత్సరానికి ఒక్కసారి వచ్చే లె మాన్స్‌లో, ప్రతి ఓటమి తరువాత కారణాన్ని వెదకి సరిచేసుకునేందుకు పన్నెండు నెలల వ్యవధి ఉంటుంది. ఒక గొట్టపు అతుకు 24 గంటల శ్రమను వృథా చేయగలదని 2016 నేర్పింది. ఆ పాఠాన్ని దాచిపెట్టకుండా నేర్చుకున్నందువలననే 2018 సాధ్యమైంది. 1995లో నిబంధన చాటున దొడ్డిదారి వెదకినప్పుడు మాత్రం అదే నైపుణ్యం ఆ ఏడాది సంపాదననంతా పోగొట్టింది. మోటారు క్రీడలలో టొయోటా చరిత్ర ఈ రెండు దారుల ఫలితాలనూ పక్కపక్కనే చూపుతున్నది.