కథ రాసే కుర్రాడికి ఏ కాలేజీ?

విస్సన్నపేట: మామిడి తోట కౌలు కట్టాలా, ఆ డబ్బుతో కొడుకును పై చదువుకు పంపాలా? మండలంలోని ఒక కౌలు రైతు ఇంట్లో నెల రోజులుగా ఇదే తగువు. కొడుకు మూడేళ్ల డిగ్రీ పూర్తి చేశాడు. నోటు పుస్తకాల్లో పన్నెండు కథలు రాసుకున్నాడు. వాటిలో ఒకటి వారపత్రికలో అచ్చయింది. ఇప్పుడు కథలు రాయడమే నేర్పే చదువు చదువుతానంటున్నాడు.

"బి.ఎడ్. చెయ్యరా, రేపు బడిలో ఉద్యోగమైనా వస్తుంది. కథలకు కాలేజీ ఏమిట్రా?" అని తండ్రి కోప్పడుతున్నాడు. "అమెరికాలో ఉంది నాన్నా" అని కొడుకు జవాబు. విచారిస్తే ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నదని తేలింది.

బందరు బడి

రాయడం నేర్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ఆ బడిలో ఆయన శిష్యుడే. తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చింది ఈ శిష్యుడే. ఆ రోజుల్లో రచనకంటూ వేరే పట్టా లేదు. రాసింది గురువుకు వినిపించాలి, ఆయన దిద్దితే మళ్లీ రాయాలి. అదే చదువు.

అసలు సాహిత్యం పట్టా లేకుండానే పెద్ద రచయితలైనవారూ ఉన్నారు. శ్రీశ్రీ చదివింది జంతుశాస్త్రం. కొడవటిగంటి కుటుంబరావు చదివింది భౌతికశాస్త్రం.

అమెరికా దారి

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లో రచయితల వర్క్‌షాప్ పెట్టింది. తర్వాత ఇంకా చాలా విశ్వవిద్యాలయాలు ఆ బాట పట్టాయి. అక్కడిచ్చే పట్టా పేరు ఎం.ఎఫ్.ఏ. చదువు రెండు మూడేళ్లు. విద్యార్థులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరి కథను మిగిలినవారు ముందే చదివి వస్తారు. ఎక్కడ బాగుంది, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు అన్నది మొహం మీదే చెబుతారు. మన బందరు పద్ధతికి ఇది దూరపు చుట్టమే.

దరఖాస్తుకు మార్కుల కంటే రచనే ముఖ్యం. ఇరవై ముప్ఫై పేజీల సొంత రచన పంపాలి. చోటును బట్టి హెచ్చుతగ్గులుంటాయి. ఎందుకు చదవాలనుకుంటున్నదీ వివరిస్తూ ఒక లేఖ, గురువుల సిఫారసు లేఖలు, ఇంగ్లీషు పరీక్ష మార్కులు కూడా అడుగుతారు. గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది. తరగతులు ఆగస్టులో మొదలవుతాయి.

చిక్కులూ ఉన్నాయి. మన మూడేళ్ల డిగ్రీని కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల నాలుగేళ్లది కావాలంటారు. ఒక్కో దరఖాస్తుకు వేల రూపాయలవుతాయి. ఫీజు లేకుండా, నెలనెలా భృతి ఇచ్చి చదివించే చోట్లూ ఉన్నాయి. అందుకు బదులుగా చిన్న తరగతులకు పాఠం చెప్పాలి. అయితే సీట్లు కొద్ది, దరఖాస్తులు వందల్లో. పైగా రాయవలసింది ఇంగ్లీషులో. మామిడికాయ కోసే చిక్కం అంటే ఏమిటో తెలియని వారికి ఈ కుర్రాడు తన తోట కథ చెప్పాలి.

ఇక్కడున్నవి

మన రాష్ట్రంలో తెలుగు ఎం.ఏ.లో చేరాలంటే పీజీసెట్ రాయాలి. 2021 నుంచి విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి ఒకే పరీక్ష పెడుతున్నారు. ఎం.ఏ.లో సాహిత్య చరిత్ర, వ్యాకరణం, ఛందస్సు, భాషాశాస్త్రం, విమర్శ చదివిస్తారు. కూర్చోబెట్టి కథ రాయించడం ఆ చదువులో ప్రధానం కాదు. కాని పాత కొత్త పుస్తకాలు వరుసగా చదివిస్తుంది. తర్వాత అర్హత పరీక్షలు గట్టెక్కితే లెక్చరరు ఉద్యోగానికి దారి ఉంటుంది.

హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఇక్కడి పిల్లలు అక్కడికి దరఖాస్తు పెట్టేముందు, మన రాష్ట్రం వారికి ఏ నిబంధన ఉందో ప్రవేశ ప్రకటనలో చూసుకుని గాని డబ్బు కట్టరాదు.

ఇంటర్ పాసైన వారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో సృజనాత్మక రచన డిప్లొమా ఉంది. ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటి దగ్గర ఉండే చదువుకోవచ్చు. పొలం పని మానక్కర్లేదు.

ఫారం నింపే ముందు

ఏ దారిన వెళ్లినా తన పేరుతో చూపగలిగిన రెండు మంచి కథలు ముందు కావాలి. పన్నెండు చిత్తు కథల కంటే నాలుగుసార్లు తిరగరాసిన రెండు కథలు మేలు. సిఫారసు లేఖకు గురువును చివరి రోజున అడగరాదు, రెండు నెలల ముందే కలవాలి. సీటు ఖాయం చేస్తామనే దళారిని గుమ్మం తొక్కనివ్వరాదు. కథ ఇంకొకరి చేత రాయించి పంపితే, చేరిన మొదటి వారమే బల్ల దగ్గర బండారం బయటపడుతుంది.

చివరికి తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ ఏడాది పీజీసెట్ రాయాలి. రెండు కథలు తిరగరాయాలి. భృతి ఇచ్చే చోట్లు దొరికితేనే అమెరికాకు దరఖాస్తు. తండ్రి షరతు ఒక్కటే: "కౌలు డబ్బు మాత్రం ముట్టుకోకు." కొడుకు సరేనన్నాడు. అచ్చయిన కథను తండ్రి ఆ రాత్రే మొదటిసారి చదివించుకుని విన్నాడట.

ఇలా నోటు పుస్తకాల్లో కథలు దాచుకున్న పిల్లలు ఇంకెందరో ఉంటారు. కాలేజీల తెలుగు మాస్టార్లు నెలకొక సాయంత్రం వారిని కూర్చోబెట్టి కథలు చదివించి, దిద్దితే బాగుంటుంది. దానికి గ్రాంటు అక్కర్లేదు. ఒక గది, నాలుగు బెంచీలు, టీ ఖర్చు చాలు.