ముసురు రోజుల్లో పెరటి తోట

శీతాకాలం అనగానే ఉత్తరాది వారికి మంచు గుర్తుకొస్తుంది. మన నెల్లూరు తీరంలో అది ముసురు కాలం. ఏడాది వానలో అధిక భాగాన్ని అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలే తెస్తాయి. రోజుల తరబడి ఎండ మొహం కనబడదు. 1984, 1989 నవంబరు తుపాన్లు తాకింది కూడా ఈ తీరాన్నే. మరి మన పెరళ్లను ఈ కాలానికి తగినట్టు తీర్చుకుంటున్నామా?

తోట అంటే ఉర్దూ చదివిన మాకు చార్‌బాగ్ స్ఫురిస్తుంది. కాలువలతో నేలను నాలుగు భాగాలు చేసే ఆ పద్ధతి ఎండిన దేశాల్లో పుట్టింది. నీటిని తోటలోకి తేవడం దాని పని. మనకు ఈ మూడు నెలలూ నీటిని నిలవనీయకుండా సాగనంపడమే పని.

ఈ సంగతి మేము సిగ్గుపడి నేర్చుకున్నాం. బురదగా ఉంటోందని మా పెరడంతా సిమెంటు చేయించి మురిసిపోయాం. 2015 నవంబరు వానల్లో మా ఇంట చుక్క నిలవలేదు. ఆ నీరంతా పక్కింటి వంటగదిలో చేరింది. ఆ ఇంటి అవ్వ పల్లెత్తు మాట అనలేదు. తడిసిన బియ్యం ఆరబోసుకుందామన్నా ఎండ లేదు.

వాన వెలిశాక సిమెంటు పగలగొట్టించాం. ఇసుక కలిపి మడులను జానెడు ఎత్తు లేపాం. మధ్యగా తీసిన వాలు కాలువను మా హద్దులోని ఇంకుడు గుంతకు కలిపి, మిగులు నీరు వీధి కాలువకు పోయేలా చేశాం. ఈ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కనుక, మబ్బు విడినప్పుడు వచ్చే కాస్త వెలుగూ లోపలికి రావాలని అటు పొట్టి మొక్కలే పెట్టాం. గాలి వీచే ఈశాన్యాన గోడ లేపక మొక్కల కంచె వేశాం. గోడకు కొట్టుకున్న గాలి సుడి తిరుగుతుంది, ఆకుల్లో దూరిన గాలి నెమ్మదిస్తుంది. తీరం వెంట సరుగుడు తోటలు చేసే మేలు ఇదే. పెళుసు కొమ్మల మునగను వానలకు ముందే కొట్టిస్తున్నాం.

దిగులు పోగొట్టేందుకు పూలూ కావాలి. రాత్రులు పొడవైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. డిసెంబరం పూలకూ ఇదే అదను. మసక వెలుగులో ఎరుపు నల్లబడినా, నందివర్ధనం తెలుపు, చామంతి పసుపు దూరానికి కనిపిస్తాయి.

పొరుగువారి హక్కు గురించి జుమా నాడు వింటూనే ఉంటాం. ఆ హక్కు మన వాన కాలువ దగ్గరా ఉంది. ఈ ఏడు వానలు మొదలయ్యేలోగా పెరట్లోకి వెళ్లి ఒక్కసారి చూసుకుందాం: మన నీరు ఎవరి ఇంటికి పోతోంది?