ప్లగ్గు పట్టినా మాట ఎందుకు పోదు?

కన్నడంలో ఊట అంటే భోజనం. తెలుగులో ఊట అంటే నేలలోంచి ఊరే నీళ్లు. పలికేది ఒకటే, అర్థం వేరు. బాగేపల్లి నుంచి చింతామణి దాకా రెండు భాషల ఇళ్లలో పెరిగిన మనకి ఇది కొత్తేమీ కాదు. పాత హెడ్‌సెట్‌ని వేరే టేబుల్ ఫోనుకి తగిలించినప్పుడు కూడా అచ్చం ఇట్లాగే అవుతుంది. ప్లగ్గు టక్కుమని లోపలికి పోతుంది. అయినా మన మాట అవతలికి పోదు, లేదంటే వాళ్ల మాట మనకి వినబడదు. వెంటనే పక్కవాళ్లు "చెడిపోయింది, పారెయ్" అంటారు. చాలాసార్లు అది చెడిపోయి ఉండదు.

ఈ సంగతి నాకు మా పిన్ని వల్ల తెలిసింది. ఆమె చింతామణిలో ఒక టమాట మండీలో లెక్కలు రాస్తుంది. ఫోను చూసుకునేదీ ఆమే. పొద్దున వేలం మొదలైందంటే రిసీవరుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో చీటీ రాస్తూ, ఇంకో చేత్తో క్యాలిక్యులేటరు నొక్కుతూ ఉంటుంది. మదనపల్లి వాళ్లు తెలుగులో, బెంగళూరు వాళ్లు కన్నడంలో రేటు అడుగుతుంటారు. "నూటముప్పై" అన్నది "నూటమూడు" అని వినబడితే ఒక లారీ సరుకు మీద ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేసుకోండి. మెడనొప్పి సంగతి సరేసరి. తెలిసినవాళ్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ఒక కాల్‌సెంటరు హెడ్‌సెట్ ఆమెకి తెచ్చి ఇచ్చారు. మండీ ఫోనుకి పెడితే ఆమెకి బాగానే వినబడింది. ఆమె మాట మాత్రం అవతలికి పోలేదు.

ఎందుకు పోలేదో తెలియాలంటే ముందు ప్లగ్గుని చూడాలి. రిసీవరుకి ఉండే చుట్టల వైరు చివర గాజులా కనబడే చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు ఉంటుంది కదా, దాంట్లో నాలుగు బంగారు రంగు గీతలు కనబడతాయి. అంగళ్లలో దీన్ని ఆర్‌జె 9 అంటారు. గోడ నుంచి వచ్చే లైను ప్లగ్గు దీనికంటే కొంచెం వెడల్పు, అది ఆర్‌జె 11. హెడ్‌సెట్‌ని పొరపాటున కూడా ఆ లైనుకి కలపకూడదు. లైన్లో ఫోను ఊరికే ఉన్నప్పుడే సుమారు 48 వోల్టులు ఉంటాయి, రింగయ్యేటప్పుడు ఇంకా జాస్తి.

ఆ నాలుగు గీతల్లో రెండు చెవికి, రెండు నోటికి. అంటే రెండు వైర్లు స్పీకరువి, రెండు మైకువి. చాలా ఫోన్లలో మధ్యలో ఉన్న రెండూ స్పీకరువి, అటూ ఇటూ ఉన్న రెండూ మైకువి. అన్నిటిలో అట్లా ఉండదు. ప్లగ్గు ఆకారం అన్ని కంపెనీలకీ ఒకటే అయినా, ఏ వైరు ఏ స్థానంలో ఉండాలనేది ఎవరికి వాళ్లు పెట్టుకున్నారు. తమ ఫోనుకి తమ హెడ్‌సెట్టే కొనిపించాలనే తెలివి కూడా ఇందులో ఉందని నాకు అనుమానం.

జతలు రెండూ సరిగ్గా కుదిరినా ఇంకో చిక్కు ఉంది. పాతకాలం ఫోన్ల మైకులో బొగ్గుపొడి ఉండేది. మన గొంతు తగిలి పొడి నొక్కుకున్నప్పుడల్లా దాంట్లో పోయే కరెంటు మారేది, ఆ మార్పే మాటగా అవతలికి పోయేది. ఇప్పటి హెడ్‌సెట్లలో ఎక్కువగా ఉండేది ఎలెక్ట్రెట్ మైకు. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. మిరియపు గింజంత సైజులో కూడా చేయొచ్చు. అయితే ఇది పని చేయాలంటే ఫోను నుంచి దీనికి కొద్దిగా కరెంటు అందాలి. దానికి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి. టార్చిలైట్లో సెల్లు తిరగేసి పెడితే వెలగదు చూడండి, ఈ రెండు వైర్లూ తారుమారైతే మైకు కూడా అట్లాగే మూగబోతుంది, లేదా బావిలోంచి మాట్లాడినట్టు వినబడుతుంది. స్పీకరుకి ఈ బాధ లేదు, వైర్లు ఎట్లా ఉన్నా పలుకుతుంది. పిన్నికి వినబడి, ఆమె మాట పోకపోవడానికి కారణం ఇదే.

ఇది ఊహించి చెప్పినది కాదు, మీటరు పెట్టి చూసినదే. కరెంటు పనివాళ్ల దగ్గర ఉండే మామూలు మల్టీమీటరు చాలు. దాన్ని ఓమ్‌ల మీద పెట్టి, ఫోనుకి తగిలించని హెడ్‌సెట్‌ని చెవికి పెట్టుకుని, ప్లగ్గు గీతలని రెండేసి చొప్పున ముట్టించాలి. ఏ జతకి చెవిలో చిటుక్కుమంటుందో అది స్పీకరు జత. మిగిలింది మైకు. మైకు జతకి మీటరు పుల్లలు అటుదిటు మారిస్తే అంకె కూడా మారుతుంది, స్పీకరుకి మారదు. వైరు రంగులని నమ్ముకోవద్దు, కంపెనీకో రకంగా వేస్తారు.

ఇక బాగుచేయడం. కాల్‌సెంటరు హెడ్‌సెట్ వైరు మధ్యలో సాధారణంగా బల్లపరుపుగా ఒక జాయింటు ఉంటుంది. ఉద్యోగి కాల్ కట్ చేయకుండానే దాన్ని ఊడదీసుకుని లేచి పోవచ్చు. మనకి పనికొచ్చేది అదే. పైభాగం అట్లాగే ఉంచి, కింది వైరు ఒక్కటి మన ఫోను మోడలుకి తగ్గది కొంటే సరిపోతుంది. కొత్త హెడ్‌సెట్ ధరలో అది కొద్ది భాగమే. అయితే జాయింట్లు కూడా అన్నీ ఒకటి కావు. ప్లాంట్రానిక్స్‌ది ఒక ఆకారం, జాబ్రా వాళ్లది ఇంకొకటి, ఒకదాంట్లో ఒకటి దూరదు. (ప్లాంట్రానిక్స్ 1961లో మొదలైన కంపెనీ. 1969లో చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాట్లాడింది వాళ్ల హెడ్‌సెట్‌లోనే. మండీలో ఈ మాట చెప్తే ఎవరూ నమ్మలేదు.)

పిన్ని ఫోనుకి తగిన వైరు దొరకలేదు. అందుకని మొబైల్ రిపేరు చేసే అన్న ఒకాయన ఆ కింది వైరునే మధ్యలో కోసి, మైకు వైర్లు రెండూ అటుదిటు మార్చి అతికించి ఇచ్చాడు. పోయినా కింది వైరే కదా పోయేది అనే ధైర్యంతో చేయించాము. ఇది చెప్పినంత సులువు కాదు. ఈ వైర్లలో రాగి తీగ ఉండదు, దారానికి చుట్టిన జరీలాంటి సన్నని రేకు ఉంటుంది. టంకం ఒక పట్టాన పట్టదు. చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. కొన్ని హెడ్‌సెట్లకి చిన్న డబ్బాలాంటి యాంప్లిఫయరు ఉండి, దాని అడుగున అంకెలున్న స్విచ్చి ఉంటుంది. అట్లాంటిది ఉంటే కోయడం దాకా పోకుండా ముందు ఆ స్విచ్చి ఒక్కొక్క అంకె మీద పెట్టి చూడండి. సగం ఫోన్లతో అక్కడే సర్దుకోవచ్చు.

ఫోనుకి హెడ్‌సెట్ కోసం వేరే రంధ్రం లేకపోతే రిసీవరు వైరు తీసి, ఆ చోట దీన్ని పెట్టుకోవాలి. అప్పుడు కాల్ వచ్చినప్పుడు రిసీవరుని ఎత్తి పక్కన పెట్టాల్సిందే, లేకపోతే లైను కలవదు. పిన్ని టేబుల్ మీద పడుకోబెట్టిన రిసీవరుని చూసి, ఎవరో మరిచిపోయారనుకుని పాపం ఒక రైతు తిరిగి పెట్టేశాడు. బేరం మధ్యలో కాల్ కట్. ఇప్పుడక్కడ "ఫోను పెట్టకండి, ఫోన్ ఇడబేడి" అని చీటీ అతికించి ఉంది.

మన దగ్గరున్న మొబైల్ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదా అని మీలో కొందరు అడిగారు. నేరుగా కుదరదు. వాటి ప్లగ్గే వేరు, గుండ్రంగా ఉంటుంది. పైగా వాటిలో స్పీకర్లకీ మైకుకీ కలిపి ఒకటే వాపసు వైరు ఉంటుంది, టేబుల్ ఫోను అడిగేది రెండు విడివిడి జతలు. దానికని మధ్యలో పెట్టే కన్వర్టరు దొరుకుతుంది. కొన్ని పానాసోనిక్ టేబుల్ ఫోన్లకి పక్కన 2.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉంటుంది, మన ఇయర్‌ఫోన్‌ది 3.5.

డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఫోను ఉద్యోగాలకి పోవాలనుకునేవాళ్లు మన క్లాసులోనే చాలామంది ఉన్నారు. ఇంటి నుంచి పని అంటే హెడ్‌సెట్ మీరే చూసుకోవాల్సి రావచ్చు. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటే చెవి దగ్గరి స్పాంజీ, మైకు ముందరి స్పాంజీ రెండూ తీసేసి కొత్తవి వేసుకోండి. ఇంతకుముందు ఎవరెవరు ఎన్ని గంటలు పెట్టుకున్నారో మనకేం తెలుసు.